ఇంటి ఇంటర్నెట్ నడిచివచ్చిన దారి – పెద్ద సంస్థలు, చిన్న సంస్థలు

మన సంఘ సమావేశాలలో పింఛను బకాయిలు, వైద్య బిల్లులు, కరువు భత్యం గురించిన చర్చ ముగిశాక, టీ తాగుతున్న సమయంలో ఈమధ్య తరచుగా వినవస్తున్న ప్రశ్న ఒకటి ఉంది. "ఇంట్లో పాత ఇంటర్నెట్ మాటిమాటికీ ఆగిపోతున్నది. మా వీధిలో కేబుల్ అబ్బాయి తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. మారవచ్చునా? చిన్న సంస్థను నమ్మవచ్చునా?"

ఇది చిన్న ప్రశ్నలా కనబడుతుంది గాని, దీని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. ఇంటర్నెట్ మనకు ఇక విలాస వస్తువు కాదు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమైన నాటి నుండి జీవన ధ్రువపత్రం కూడా దీని ద్వారానే పంపగలుగుతున్నాము. 2021 నవంబరులో ముఖం గుర్తింపు పద్ధతి వచ్చాక వేలిముద్రలు అరిగిపోయిన పెద్దలకు అదొక వరమైంది. బ్యాంకు పని, మందుల ఆర్డరు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవడి ముఖం చూడటం, అన్నీ ఆ తీగె మీదనే ఆధారపడి ఉన్నాయి. కాబట్టి ఆ తీగె ఎవరిది, అది మన గుమ్మం దాకా ఎలా వచ్చింది అని తెలుసుకోవటం కాలక్షేపం కోసం మాత్రమే కాదు.

ఒకే దుకాణం ఉన్న రోజులు

1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం తంతి, టెలిఫోను వ్యవస్థల మీద సర్వహక్కులు ప్రభుత్వానికే ఇచ్చింది. ఆ చట్టం శతాబ్దానికి పైగా మన జీవితాలను శాసించింది. ట్రంకు కాల్ బుక్ చేసి ఎదురుచూసిన రోజులు, పిడుగులాంటి రేటుకు లైట్నింగ్ కాల్ చేసిన రోజులు మనలో చాలామందికి గుర్తే. టెలిఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ముందుగా పెద్ద డిపాజిట్టు కట్టగలవారికి ఓ.వై.టి. అనే వేరే వరుస ఉండేది. కూతురి పెళ్లినాటికైనా ఫోను వస్తుందని దరఖాస్తు పెట్టినవారు, మనవరాలి బారసాలనాటికి అందుకున్న సందర్భాలు కథలుగా చెప్పుకునేవాళ్లం.

1984లో సి-డాట్ స్థాపన జరిగింది. 1985లో తపాలా, టెలికం శాఖలు విడిపోయాయి. 1986లో ఢిల్లీ, బొంబాయి నగరాలకు యం.టి.యన్.ఎల్., విదేశీ సంబంధాలకు వి.యస్.ఎన్.ఎల్. ఏర్పడ్డాయి. వీధి వీధినా పసుపుపచ్చ బోర్డులతో ఎస్.టి.డి. బూత్‌లు వెలిశాయి. రాత్రి రేటు తగ్గే వేళకు వాటి ముందు వరుసలు కట్టేవారు. ఆ బూత్‌లు నడిపినవారిలో ఎక్కువమంది చిన్న మనుషులు, వికలాంగులు, నిరుద్యోగులు. ప్రభుత్వ తీగె చివర ఒక చిన్న వ్యాపారి కూర్చుని సేవ అందించటం మన దేశంలో అక్కడే మొదలయిందని చెప్పవచ్చు. నేటి కేబుల్ ఇంటర్నెట్ అబ్బాయికి పెద్దన్న ఆ బూత్ యజమానే.

1995 ఆగస్టు 15

ఇంటర్నెట్ మన దేశంలో అంతకుముందే ఉన్నా అది విద్యాసంస్థలకు, ప్రభుత్వానికే పరిమితం. 1986లో మొదలైన ఎర్నెట్ ద్వారా ఐ.ఐ.టి.ల వంటి సంస్థలు దానిని వాడుకునేవి. సామాన్య పౌరునికి అది అందినది 1995 ఆగస్టు 15న. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో వి.యస్.ఎన్.ఎల్. దానిని ప్రారంభించింది. హైదరాబాదు వంటి నగరాల వంతు ఆ తరువాత వచ్చింది.

వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. ఈ రోజు ఫోనులో తీసే ఫోటో ఒక మెగాబైటు ఉన్నదనుకుంటే, ఆనాటి వేగంతో అది రావడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. అక్షరాలు మాత్రమే కనబడే ఖాతా విద్యార్థులకు 500 రూపాయలకు దొరికేది. బొమ్మలతో సహా కనబడే ఖాతాకు వేలల్లో కట్టవలసి వచ్చేది. అది గాక మోడెం కొనుక్కోవాలి, టెలిఫోను బిల్లు వేరే. మోడెం కీచుమంటూ నంబరు తిప్పడం, సగంలో తెగిపోవడం, మళ్లీ మొదటికి రావడం, ఆ సమయంలో ఇంటికి ఫోను చేసినవారికి ఎంగేజ్ శబ్దం వినబడటం – ఇదీ ఆనాటి ఇంటర్నెట్. ప్రారంభ దినాలలో కనెక్షను దొరకక చందాదారులు నానా అవస్థలు పడ్డారు. ఆనాటి వి.యస్.ఎన్.ఎల్. అధినేత బి.కె. సింగాల్ ఆ లోపాలను బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఫిర్యాదు చేయవచ్చు గాని, విడిచి వెళ్లడానికి వేరే దుకాణం లేదు.

మొదటి విడత చిన్న సంస్థలు

1998 నవంబరులో ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. లైసెన్సులను మూడు తరగతులు చేశారు. 'ఏ' తరగతి దేశమంతటికీ, 'బి' తరగతి ఒక రాష్ట్రానికి లేదా మహానగరానికి, 'సి' తరగతి దాదాపు ఒక జిల్లా అంతటి టెలిఫోను ప్రాంతానికి. తొలి అయిదేళ్లు లైసెన్సు రుసుము లేదు. 'ఏ' తరగతికి బ్యాంకు హామీ 2 కోట్ల రూపాయలైతే, 'సి' తరగతికి 3 లక్షలు మాత్రమే. అంటే, ఒక జిల్లా కేంద్రంలో పదిమంది మిత్రులు కలిసి కూడా ఇంటర్నెట్ సంస్థ పెట్టుకోవచ్చు. ఆ విధానంలో ఉన్న ఉదారత్వం మెచ్చుకోదగినది.

తొలి ప్రైవేటు సంస్థగా సత్యం ఇన్ఫోవే 1998 నవంబరులోనే సేవలు ప్రారంభించింది. 1999 అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదైంది. హైదరాబాదులో సదరన్ ఆన్‌లైన్ వంటి చిన్న సంస్థలు పుట్టాయి. గంటల లెక్కన ఇంటర్నెట్ ప్యాకెట్లు దుకాణాలలో అమ్మేవారు. అమీర్‌పేట మొదలుకొని తాలూకా కేంద్రాల దాకా ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి.

అయితే ఆ సంస్థలలో చాలా వరకు నిలవలేదు. 2000-2001 నాటి డాట్‌కామ్ పతనం ఒక కారణం. అంతకన్న పెద్ద కారణం మరొకటి ఉన్నది. చిన్న సంస్థకు సొంత తీగె లేదు. చందాదారు టెలిఫోను శాఖ లైను మీదుగానే ఆ సంస్థకు డయల్ చేయాలి. ఇంటర్నెట్ సంస్థకు కట్టినదాని కన్న ఫోను బిల్లే ఒక్కొక్కప్పుడు ఎక్కువయ్యేది. 2000 అక్టోబరు 1న శాఖ కాస్తా బి.యస్.ఎన్.ఎల్. అయి, తానే ఇంటర్నెట్ కూడా అమ్మసాగింది. రహదారి ఎవరిదో వారే బస్సు కూడా నడిపితే, పక్కవాడి బస్సు ఎంతకాలం నడుస్తుంది? 2002 ఫిబ్రవరిలో వి.యస్.ఎన్.ఎల్. యాజమాన్యం టాటాల చేతికి వెళ్లింది.

ఇంకొక ఆంక్ష కూడా ఉండేది. ఇంటర్నెట్ మీద టెలిఫోను సంభాషణ 2002 ఏప్రిల్ 1 దాకా నిషిద్ధం. విదేశాలకు ఐ.ఎస్.డి. చేస్తే నిమిషానికి పదుల రూపాయలు. అమెరికాలో ఉన్న బిడ్డతో క్షేమ సమాచారాలు గడియారం చూసుకుంటూ మాట్లాడవలసి వచ్చేది. ఆ నిషేధం తొలగిన రోజు ప్రవాసుల తల్లిదండ్రులకు నిజంగా పండుగే.

రెండవ విడత – కేబుల్ వాడి ప్రవేశం

1991లో గల్ఫ్ యుద్ధాన్ని టీవీలో చూపించిన నాటి నుండి మన ఊళ్లలో కేబుల్ టీవీ విస్తరించింది. 1995లో దానికొక చట్టం వచ్చింది. ఇంటింటికీ తీగె లాగినవాడు, నెల నెలా వచ్చి డబ్బు వసూలు చేసుకునేవాడు, వీధిలో ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసినవాడు కేబుల్ ఆపరేటరు. 2000 తరువాత ఆ తీగెతోపాటే కంప్యూటరు తీగెను కూడా మేడల మీదుగా, చెట్ల మీదుగా లాగడం మొదలయింది. హైదరాబాదులో బీమ్ టెలికం ఈ దారిలోనే పెరిగిన సంస్థ. తరువాత అది బెంగళూరుకు చెందిన ఏ.సి.టి. సంస్థలో కలిసింది. 2017 మార్చిలో అదే ఏ.సి.టి. సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని హైదరాబాదులో ఇళ్లకు అందించటం ప్రారంభించింది. వీధి తీగెల నుండి మొదలైన వ్యాపారం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇది చాలు.

ప్రభుత్వ రంగం కూడా ఊరుకోలేదు. 2004 అక్టోబరులో బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించారు. సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే బ్రాడ్‌బ్యాండు అన్నారు. 2005 జనవరిలో బి.యస్.ఎన్.ఎల్. డేటావన్ వచ్చింది. పాత రాగి తీగె మీదనే ఫోను మాట్లాడుతూ ఇంటర్నెట్ కూడా చూడగలగటం ఆనాడు అబ్బురమే. 500 రూపాయల ప్లానులో నెలకు 400 మెగాబైట్లు ఇచ్చేవారు. పూర్తి వేగంతో వాడితే మూడున్నర గంటలలో అయిపోయే సరుకు అది! తరువాత తెల్లవారుజామున 2 నుండి 8 గంటల దాకా లెక్క లేకుండా ఇచ్చినప్పుడు, అలారం పెట్టుకుని లేచిన కుర్రకారు ప్రతి ఇంటా ఉండేవారు. ఏమైనా, జిల్లా పట్టణాలకు, మారుమూల మండలాలకు బ్రాడ్‌బ్యాండును తీసుకుపోయినది బి.యస్.ఎన్.ఎల్. అన్న సంగతి మరువరాదు. లాభం లేని చోటికి ప్రైవేటు తీగె అంత త్వరగా వెళ్లలేదు.

2004లోనే మరొక అవకాశం చేజారింది. ఇంటి నుండి ఎక్స్ఛేంజి దాకా ఉన్న రాగి తీగెను తగిన అద్దెకు ఇతర సంస్థలకు కూడా ఇవ్వాలని ట్రాయ్ సిఫారసు చేసింది. ప్రభుత్వం దానిని అంగీకరించలేదు. ఇంగ్లండులో ఇదే పని చేశారు. అక్కడ 2006లో తీగెల నిర్వహణకు ఓపెన్‌రీచ్ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. అందువల్ల అక్కడి గృహస్థుడు ఇంటి తీగె మార్చకుండానే పెద్ద సంస్థ నుండి చిన్న సంస్థకు మారగలడు. మన దేశంలో అలా కాక, ప్రతి సంస్థా తన తీగె తానే లాగవలసి వచ్చింది. మన వీధి స్తంభాల మీద కాకిగూళ్లలా వేలాడే నల్లటి తీగెల గుంపుకు మూలం చాలావరకు ఆ నిర్ణయంలో ఉన్నది.

ఫైబరు కాలం

మూడవ ఘట్టం గాజు తీగెది. 2011లో గ్రామ పంచాయతీలకు ఫైబరు వేసే జాతీయ పథకం ఆమోదం పొందింది. అదే తరువాత భారత్‌నెట్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో భూమి తవ్వే ఖర్చు తప్పించి, కరెంటు స్తంభాల మీదనే వేల కిలోమీటర్ల ఫైబరు వేశారు. తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామం 2016 డిసెంబరులో ఈ పథకంతో వార్తలకెక్కింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి ప్రారంభ ధర నెలకు 149 రూపాయలు. పెద్ద తీగె ప్రభుత్వానిదే అయినా, ఇంటి గుమ్మం దాకా తెచ్చినవాడు మళ్లీ స్థానిక కేబుల్ ఆపరేటరే.

ఇంతలో 2016 సెప్టెంబరు 5న జియో మొబైలు సేవలు, 2019 సెప్టెంబరు 5న ఇళ్లకు దాని ఫైబరు వచ్చాయి. ధరల పోటీలో చిన్న సంస్థలు చాలా నలిగిపోయాయి. బి.యస్.ఎన్.ఎల్.లో 2020 జనవరి 31న ఒక్కరోజునే సుమారు 78 వేల మంది స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. స్తంభం ఎక్కి లైను సరిచేసే చేతులు అంతమేరకు తగ్గాయి. ఆ సంస్థ కూడా ఫైబరు కనెక్షన్ల కోసం స్థానిక ఆపరేటర్లతో ఆదాయం పంచుకునే ఒప్పందాలు చేసుకున్నది. రెండు నెలలు తిరగకుండానే కరోనా లాక్‌డౌన్ వచ్చి, ఇంటి ఇంటర్నెట్ విలువ అందరికీ తెలియజెప్పింది.

చిన్నవాళ్లు కలిస్తే ఏమి చేయగలరో కేరళ చూపించింది. అక్కడి కేబుల్ ఆపరేటర్లు ఒక్కటై నడుపుతున్న కేరళ విజన్, తీగె ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే సంస్థల ట్రాయ్ జాబితాలో దేశంలో తొలి అయిదింటిలో నిలిచింది. గడ్డిపోచలు పేనితే ఏనుగును కట్టే మోకు అవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

చిన్న సంస్థ ఎలా పనిచేస్తుంది?

చిన్న సంస్థ ఇంటర్నెట్‌ను తయారు చేయదు. పెద్ద సంస్థల దగ్గర టోకున కొని, మనకు చిల్లరగా అమ్ముతుంది. వందమందికి సరిపడా కొని అయిదువందలమందికి పంచితే రాత్రి ఎనిమిది గంటలకు బొమ్మ ఆగిపోతుంది. మంచి సంస్థకూ, కక్కుర్తి సంస్థకూ తేడా ప్రధానంగా ఇక్కడే. ఫైబరులో కూడా ఒక గాజు తీగెలోని సుమారు 2.5 గిగాబిట్ల సామర్థ్యాన్ని 32 లేక 64 ఇళ్లకు పంచుతారు. అందరూ ఒకే క్షణంలో పూర్తిగా వాడరు కనుక అది సరిపోతుంది.

2003లో నిక్సి అనే సంస్థ ఏర్పడటం చిన్నవారికి మేలు చేసింది. అంతకుముందు హైదరాబాదులో ఒక సంస్థ చందాదారు, అదే ఊళ్లో మరొక సంస్థ చందాదారుకు ఉత్తరం పంపితే అది విదేశాలు తిరిగి రావటం కూడా జరిగేది. దేశంలోని సమాచారం దేశంలోనే మార్చుకునే కూడలిగా నిక్సి పనిచేస్తున్నది.

చిన్న సంస్థలోని సుగుణం ఏమంటే మనిషి దొరుకుతాడు. లైను పోతే యంత్రం పలికే గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనదు. వీధి చివరి కుర్రవాడే "వస్తున్నా బాబాయ్" అని నిచ్చెన వేసుకుని వస్తాడు. లోపం ఏమంటే ఆ కుర్రవాడు పెళ్లికి ఊరు వెళితే లైను కూడా సెలవు తీసుకుంటుంది. ఆ సంస్థను మరొకటి కొనివేస్తే, మనం ముందుగా కట్టిన ఏడాది డబ్బుకు ఎవరు జవాబుదారీ అన్న చిక్కు వస్తుంది.

మారదలచినవారు గమనించవలసినవి

మొదటిది, నంబరు. మొబైలు నంబరును 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఒక సంస్థ నుండి మరొక సంస్థకు తీసుకుపోవచ్చు. ల్యాండ్‌లైనుకు ఆ సౌకర్యం లేదు. బంధుమిత్రులకు, బ్యాంకుకు, పింఛను కార్యాలయానికి ముప్పై ఏళ్లుగా ఇచ్చిన నంబరు పోతుంది. కనుక ముందుగా మొబైలు నంబరును అన్నిచోట్లా నమోదు చేయించాలి. సంస్థవారు ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామా వాడుతున్నవారు వేరే చిరునామాకు మారిన తరువాతనే కనెక్షను వదలాలి.

రెండవది, కరెంటు. పాత రాగి తీగె ఫోనుకు ఎక్స్ఛేంజి నుండే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది. అందుకే తుఫాను రాత్రి కరెంటు లేకపోయినా ఫోను పలికేది. ఫైబరు ఫోను అలా పలకదు. గాజు తీగెలో వెలుతురు వస్తుందే గాని కరెంటు రాదు. ఒంటరిగా ఉండే పెద్దలు ఆ పెట్టెకు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టించుకోవటం మంచిది.

మూడవది, తొందరపాటు వద్దు. ఒక నెలపాటు పాతదీ కొత్తదీ రెండూ ఉంచి, రాత్రి వేళ వీడియో కాల్ చేసి చూడాలి. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. తొలిసారి మూడు నెలలకు మించి కట్టకపోవటం క్షేమం. ఇరుగుపొరుగును విచారించండి. వారి అనుభవాన్ని మించిన ప్రకటన లేదు.

నాలుగవది, కాగితం. పాత కనెక్షను రద్దుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. మోడెం తిరిగి ఇచ్చినట్లు, డిపాజిట్టు రావలసి ఉన్నట్లు రాయించుకోవాలి. ఫైలు నడపటంలో మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు గదా!

అయిదవది, ఫిర్యాదు. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ముందు సంస్థ ఫిర్యాదుల కేంద్రంలో చెప్పి డాకెట్ నంబరు తీసుకోవాలి. తృప్తి కలగకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాయాలి. ట్రాయ్ స్వయంగా వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు. టెలిఫోను తగాదాలు వినియోగదారుల ఫోరానికి రావని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉండేది. 2022 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానమే, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు చందాదారుకు ఉన్నదని స్పష్టం చేసింది. ఈ సంగతి మన సభ్యులందరికీ తెలియవలసి ఉన్నది.

ఇక చివరి మాట

మనలో కొందరికి ప్రభుత్వ సంస్థను వదలటం మనసొప్పదు. అది తప్పు కాదు. ఆ తీగెలను వానలో, వరదలో నిలబెట్టినవారు మన సహోద్యోగులే. మరికొందరు పని జరగటమే ముఖ్యమంటారు. అదీ తప్పు కాదు. చరిత్ర చెప్పేదేమంటే, ఒకే దుకాణం ఉన్నప్పుడు మనం వేచి ఉన్నాము. పది దుకాణాలు ఉన్నప్పుడు ధర తగ్గింది, వేగం పెరిగింది. ఆ పది మళ్లీ రెండు మూడుగా కుదించుకుపోతే, వేచి ఉండే రోజులు మరొక రూపంలో రావచ్చు. ఈనాడు దేశంలో ఇంటర్నెట్ లైసెన్సులున్న సంస్థలు వెయ్యికి పైగానే ఉన్నా, చందాదారులలో అత్యధికులు వేళ్ల మీద లెక్కించదగిన పెద్ద సంస్థల దగ్గరే ఉన్నారు. మన వీధిలోని చిన్న సంస్థ చక్కగా పనిచేస్తుంటే దానిని ఆదరించటంలో మన స్వార్థమూ ఉన్నది, సమాజ హితమూ ఉన్నది. చక్కగా పనిచేయకపోతే, చిన్నదని జాలిపడి ఊరుకోనక్కరలేదు.

తీగె ఎవరిదైనా, దాని చివర మన ఆత్మీయుల గొంతు తెగకుండా వినబడాలి. అందుకు తగిన ఏర్పాటు సభ్యులందరూ విచారించి చేసుకోగలరని ఆశిస్తూ, ఈ విషయంలో తమకు తెలిసిన మెలకువలను తోటి పింఛనుదారులకు కూడా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.